ఈ వయసులో నాన్నకు పేకాట పిచ్చేమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రిటైర్డ్ టీచర్. పండక్కి కూడా పేకముక్క ముట్టేవారు కాదు. పార్కిన్సన్స్ అని రెండేళ్ల క్రితం ప్రామిపెక్సోల్ మాత్రలు మొదలుపెట్టారు. ఏడాదిగా రోజూ ఊరి చివర తోటలో పేకాటకు వెళ్తున్నారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టిన రసీదు ఆయన చొక్కా జేబులో దొరికింది. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. ఇదేం బుద్ధి?

జవాబు: అమ్మా, బుద్ధి సంగతి పక్కన పెట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ మాత్ర పేరు.

పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. వణుకు, బిగుసుకుపోవడం అందుకే. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమైన్ పనిని తామే చేస్తాయి. అయితే డోపమైన్ చూసేది కదలికలొక్కటే కాదు. ‘మళ్లీ కావాలి’ అని మనిషిని లాగేదీ అదే. అనుకోని లాభం వస్తే పెరుగుతుంది, ఆశించింది రాకపోతే పడిపోతుంది. ఆ పడిపోవడమే మనకు ‘ఇక చాలు’ అని నేర్పేది. మందు మాత్రం రోజంతా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, ఓడినప్పుడు పడాల్సిన బ్రేకు సరిగా పడదని పరిశోధకుల వివరణ. 2010లో అమెరికా, కెనడా రోగులపై వచ్చిన అధ్యయనంలో ఈ రకం మందులు వాడేవాళ్లలో సుమారు 17 శాతం మందికి జూదం, అతిగా కొనడం, తినడం, అదుపులేని లైంగిక కోరిక, వీటిలో ఏదో ఒకటి కనిపించింది. ఈ రకం మందులు వాడని పార్కిన్సన్స్ రోగుల్లో అది 7 శాతం లోపే.

నాన్నగారి విషయంలో కారణం ఇదేనని ఇక్కడ కూర్చుని తేల్చలేను, అనుమానం మాత్రం బలంగా ఉంది. అలాగని మాత్ర మీరే ఆపేయకండి. వణుకు, బిగుతు ఒక్కసారిగా పెరుగుతాయి, దిగులు, టెన్షన్ కూడా పట్టుకోవచ్చు. మాత్ర ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెంచారు, పేకాట ఎప్పుడు మొదలైంది, ఓ కాగితం మీద రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. వణుకు తగ్గిందా అని ఆయన అడుగుతారు, తగ్గిందని నాన్నగారు తల ఊపి వచ్చేస్తారు. జూదం గురించి సిగ్గుతో నోరు విప్పరు. ఇంకేమైనా మార్పులున్నాయా అని అమ్మను ఒంటరిగా అడగండి. కొన్ని కూతురి ముందు కూడా చెప్పలేకపోతే డాక్టరుతో విడిగా మాట్లాడనివ్వండి. డోసు మెల్లగా తగ్గించినా, మందు మార్చినా చాలామందిలో ఈ యావ తగ్గుతుంది.

ఈలోపు పెన్షన్ ఖాతా, ఏటీఎం కార్డు, ఫోన్‌లో యూపీఐ అమ్మ చేతికి రావాలి. లాక్కోకండి, ఆయనకు కారణం చెప్పి అడగండి. రాత్రీపగలూ ఎప్పుడు మనసు బాగోకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి. మీరు చెబితే నాన్నను వెనకేసుకొస్తున్నారనుకుంటాడు.