ఏఐ లేకుండా ఇంగ్లిష్‌లో మెయిల్ కూడా రాయలేకపోతున్నాను

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం. రెండేళ్లుగా ఇంగ్లిష్‌లో ఏది రాయాలన్నా చాట్‌జీపీటీతోనే రాయిస్తున్నాను. సొంతంగా రాయాలంటే చెయ్యి ఆడడం లేదు. వచ్చే ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూలు, ఆ తర్వాత విదేశీ చదువుకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఉన్నాయి. ఏఐని పూర్తిగా మానేయాలా? ల్యాబ్‌కు వెళ్లలేదని లెక్చరర్‌కు పంపిన మెయిల్‌ను, నేను మొదట రాసుకున్న వాక్యాన్ని జతచేస్తున్నాను.
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మానేయనక్కరలేదు గానీ, వాడే వరుస మార్చాలి. మీరు మొదట రాసుకున్నది 'ఐ యామ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ల్యాబ్ ఎస్టర్డే' అన్న ఒక్క వాక్యం. దాన్ని ఏఐ ఆరు వరుసల క్షమాపణ పత్రంగా మార్చింది. నిజానికి మీ వాక్యంలో దిద్దవలసినవి రెండే: నిన్నటి సంగతి కాబట్టి 'యామ్' బదులు 'వాజ్', 'ల్యాబ్'కు ముందు 'ద'. తెలుగులో 'ఎ', 'ద' వంటి ఆర్టికల్స్ లేవు కనుక అవి జారిపోవడం మన వాళ్లందరిలోనూ కనిపించేదే, ఇంగ్లిష్ మీడియం వాళ్లలో కూడా. ఆ రెండూ తెలుసుకునే అవకాశం ఆరు వరుసల కింద కప్పబడిపోయింది. పైగా 'నాకు ఇలా ఎప్పటికీ రాదు' అన్న భయం మిగిలింది.

ఈ భయం మీ ఒక్కరిదే కాదు. పరాయి భాష నేర్చుకునేవారి ఆందోళనను కొలవడానికి ఎలైన్ హార్విట్జ్, ఆమె సహ పరిశోధకులు 1986లోనే 33 ప్రశ్నల కొలమానం ఒకటి తయారు చేశారు. మాట్లాడాలంటే జంకు, పరీక్ష భయం, ఎదుటివారు తక్కువగా చూస్తారేమోనన్న బెంగ అందులో ముఖ్యమైనవి. ఏఐ ఈ మూడోదాన్ని ఆ పూటకు తప్పిస్తుంది, మొదటి రెండింటినీ అలాగే ఉంచుతుంది. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో గంటలో రెండు జవాబులు, ఒకటి కనీసం 150 పదాలు, మరొకటి 250 పదాలు మీరే రాయాలి. స్పీకింగ్‌లో 11 నుంచి 14 నిమిషాలు ఎగ్జామినర్‌తో మాట్లాడాలి. ఇంటర్వ్యూలోనైతే రెజ్యూమెలో ఏఐ పేర్చిన పెద్ద పదం దగ్గరే 'ఇదేమిటి?' అని ఆపుతారు.

అందుచేత రోజూ ఇరవై నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి, ఆ రోజు జరిగినదేదైనా, తెనాలి బస్సులో సీటు గొడవైనా సరే, కాగితం మీద వంద పదాల్లో రాయండి. తర్వాతే ఏఐకి చూపించి, 'తిరగరాయవద్దు, తప్పులు మాత్రం చూపించి కారణం తెలుగులో చెప్పు' అని అడగండి. దిద్దడం మీ చేత్తోనే జరగాలి. అది చెప్పే కారణం కూడా ఒక్కోసారి తప్పే కావచ్చు, అనుమానం వస్తే వ్యాకరణ పుస్తకం చూడండి. తప్పులను ఒక నోట్‌బుక్‌లో ఎక్కిస్తూ పోతే, అవే నాలుగైదు తిరిగి తిరిగి వస్తున్నట్టు నెలలోపే మీకు కనిపిస్తుంది. మాట్లాడడానికైతే మొదట ఏఐ వాయిస్‌తో సాధన చేయడం మంచిదే, కానీ వారం తిరిగేసరికి హాస్టల్‌లో ఒక స్నేహితురాలి ముందు కూర్చుని మాట్లాడండి.

చిత్తు ప్రతులు పారేయకండి. ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవేనని, ఏఐ రాతను పసిగట్టే డిటెక్టర్లు పొరబడినట్టు 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. రేపు ఎవరైనా అనుమానిస్తే మీ కొట్టివేతలే మీకు సాక్ష్యం.

ఈసారి ల్యాబ్‌కు వెళ్లలేకపోతే ఆ రెండు దిద్దుబాట్లతో మీ వాక్యాన్నే పంపండి. లెక్చరర్‌కు కావలసిన సమాచారమంతా అందులో ఉంది.