తమ్ముడు తాను తోడేలునంటున్నాడు.. మంచు తుఫాను కోసం ఎదురుచూస్తున్నాడు!

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. మా తమ్ముడికి 23 ఏళ్లు. అమెరికాలోని బఫెలోలో ఎం.ఎస్. చదువుతున్నాడు. పైకి మనిషినే అయినా లోపల తాను తోడేలునని చిన్నప్పటి నుంచీ అనిపిస్తోందని ఈ మధ్యే నాతో చెప్పాడు. అలాంటివారిని థీరియన్లు అంటారట. ఈ వారాంతంలో అక్కడ మంచు తుఫాను హెచ్చరిక ఉంది. దాని కోసం ఆత్రంగా ఎదురుచూస్తున్నాడు. మొదలవగానే బయటికెళ్లి మంచులో తిరుగుతానని, తనకు చలి పెద్దగా తెలియదని అంటున్నాడు. అమ్మానాన్నలకు ఇంకా తెలియదు. ఇది మానసిక జబ్బా? వెంటనే రప్పించమంటారా?
– ఒక సోదరి

జవాబు: మిమ్మల్ని తోడేలు భయపెడుతోంది. నన్ను తుఫాను భయపెడుతోంది. ముందు మీ భయం సంగతి చూద్దాం.

లోపల తాను ఒక జంతువునని అనిపించడం, అంతవరకే అయితే, జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే జబ్బుల జాబితా ఐసీడీ-11లో గానీ, అమెరికా మానసిక వైద్యులు వాడే రుగ్మతల గ్రంథం డీఎస్ఎం-5లో గానీ ఆ పేరుతో ఏ రుగ్మతా లేదు. ‘పైకి మనిషినే’ అని మీ తమ్ముడు తానే అన్నాడు కదా, ఇలాంటి సందర్భాల్లో మేము మొదట వెతికేది ఆ మాట కోసమే. లేని తోక ఉన్నట్టు కొందరు థీరియన్లకు అనిపిస్తుంటుంది. తోక లేదని వారికి తెలిసినంత కాలం దాన్ని కూడా మేము భ్రాంతి కింద లెక్కకట్టం.

క్లినికల్ లైకాంత్రోపీ అనేది వేరు. అది చాలా అరుదు. అందులో మనిషి తాను నిజంగానే జంతువుగా మారిపోయానని నమ్ముతాడు, కాదని ఎంత చెప్పినా వినడు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ వంటి జబ్బుల్లో ఇది ఒక లక్షణంగా కనిపిస్తుంది. కాబట్టి మాటల్లో మాటగా కొన్ని అడగండి. నిద్ర ఎలా ఉంది? రెండు మూడు గంటలే పడుకుని కూడా హుషారుగా తిరుగుతున్నాడా? ఎవరూ లేకుండా మాటలు వినిపిస్తున్నాయా? క్లాసులు మానేశాడా? ఒంటి మీద బొచ్చు మొలుస్తోందంటున్నాడా? వీటిలో ఏదైనా కొత్తగా మొదలైతే ఆలస్యం చేయకుండా యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లమనండి. అత్యవసరమైతే అక్కడి మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయవచ్చు. మీకు ఆందోళనగా ఉంటే ఇక్కడ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇవేవీ లేకపోతే చదువు మాన్పించి రప్పించాల్సిన పని లేదు. దిష్టి తీయించడం, గాలి సోకిందని తిప్పడం వంటివి అసలే వద్దు.

ఇక తుఫాను. రాబోయే తుఫాను చూసి ఉత్సాహపడటం మనకు కొత్త కాదు. వాయుగుండం అనగానే అలలు చూడటానికి ఆర్.కె. బీచ్‌కు వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో చూశాక కూడా. బఫెలోలో ఈరీ సరస్సు మీదుగా వచ్చే చలిగాలి నీటి ఆవిరిని మోసుకొచ్చి ఊరి మీద మంచుగా కుమ్మరిస్తుంది. 2022 క్రిస్మస్ సమయంలో వచ్చిన తుఫానుకు ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో ఇరుక్కుపోయి, కొందరు ఆరుబయట. అంబులెన్సులు కూడా కదలలేకపోయాయి. కళ్ల ముందంతా తెల్లగా కమ్ముకున్నప్పుడు సొంత ఇంటి గుమ్మం కొద్ది అడుగుల దూరంలో ఉన్నా కనిపించదు.

తోడేలుకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పాదాలు గడ్డకట్టకుండా కాపాడే రక్తనాళాల అమరిక ఉంటుంది. మీ తమ్ముడి మనసు ఏదైనా కావచ్చు, చర్మం మాత్రం విశాఖలో పెరిగిన చర్మం. లంబసింగిలో సున్నా దగ్గరకు పడితేనే మనకు పెద్ద వార్త. గాలితో కలిసి చలి తీవ్రత మైనస్ 29 డిగ్రీల స్థాయికి చేరితే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టగలదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది ‘చలి పెద్దగా తెలియదు’ అన్న మాట. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా. మొదట వణుకు, తర్వాత చేతుల తడబాటు, మాట ముద్దగా రావడం. ఇంకా పడిపోతే వణుకు ఆగిపోతుంది. బుద్ధి మందగిస్తుంది. చివరి దశలో కొందరికి ఒళ్లంతా వేడెక్కినట్టనిపించి బట్టలు విప్పేసుకుంటారు. ఆ క్షణంలో మిగతావారు ఏమనుకుంటారో గానీ, మీ తమ్ముడు మాత్రం ‘నాలోని తోడేలు మేల్కొంది’ అనుకునే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయం అతనికి ముందే చెప్పి ఉంచండి: వణుకు ఆగి, హాయిగా అనిపించిందంటే ప్రాణం మీదకు వచ్చినట్టే.

అలాగని మంచు ముట్టవద్దని ఆంక్ష పెట్టకండి, చెప్పకుండా వెళ్తాడు. తుఫాను సాగినంతసేపూ కిటికీలోంచి చూడమనండి. అది వెలిసి, రోడ్ల మీద ప్రయాణాలపై నిషేధం ఉంటే అది ఎత్తేశాక, పగటిపూట, ఒక స్నేహితుడితో వెళ్లమనండి. తడిస్తే ఆరని జీన్స్, నూలు బట్టలు వద్దు. ఉన్ని పొరలు, పైన గాలి చొరబడని కోటు, టోపీ, చేతి తొడుగులు, తడవని బూట్లు ఉండాలి. మందు తాగి వెళ్లకూడదు. తోక తగిలించుకుంటానంటే తగిలించుకోనివ్వండి, కోటు మీద. వేళ్లు, చెవులు, ముక్కు మొద్దుబారి పాలిపోతే వెంటనే లోపలికి రావాలి. రుద్దకూడదు, మంటకు కాచకూడదు. గోరువెచ్చని నీటిలో ఉంచి డాక్టరుకు చూపించాలి.

మరో మాట. మామూలు రోజుల్లో కూడా అరికాళ్లకు చలి, వేడి తెలియడం లేదేమో అడగండి. తెలియడం లేదంటే బి12 లోపం గానీ, షుగర్ గానీ ఉండవచ్చు. ముఖ్యంగా శాకాహారి అయితే రక్తపరీక్ష చేయించుకోమనండి.

అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాలన్నది అతని ఇష్టానికే వదిలేయండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం ఆగవద్దు. ప్రస్తుతానికి అతని రూమ్మేట్ ఫోను నంబరు, ఇంటి చిరునామా మీ దగ్గర రాసి పెట్టుకోండి.