లీష్ వదులుగా ఉంటేనే అడుగు ముందుకు

ప్రశ్న: మా లాబ్రడార్‌కి 14 నెలలు, 31 కిలోలు. లిఫ్టు తలుపు తెరుచుకోవడమే ఆలస్యం, గేటు దాకా నన్ను ఈడ్చుకుపోతాడు. ‘హీల్’ (పక్కనే నడువు) అని ఎంత అరిచినా వినడు. షాపులో చోక్ చైన్ కొనమన్నారు. వేస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: చోక్ చైన్ వద్దండి. అది ఉన్నట్టుండి బిగుసుకుంటే శ్వాసనాళం, మెడ కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా ఎక్కడ నడవాలో అది చెప్పదు.

మీవాడు లాగుతున్నది మొండితనంతో కాదు. లాగిన ప్రతిసారీ గేటు దగ్గరపడింది, అందుకని. మీరు వెనక్కి గుంజితే ఇంకా ముందుకు తోసుకుపోతాడు. వెనక్కి లాగితే ఎదురు లాగడం కుక్కల సహజ గుణం. లీష్‌ను పొట్టిగా, బిగించి పట్టుకునేవాళ్ల కుక్కలు మరీ లాగడానికి కారణం ఇదే.

ఆరడుగుల మామూలు లీష్, ఛాతీ మీద ముందు వైపు ఒక రింగు, వెనక వీపు మీద ఇంకో రింగు ఉన్న హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి కట్టే పట్టీ) కొనండి. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. బటన్ నొక్కితే చుట్టుకునే లీష్ ఈ పనికి రాదు: అది ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటుంది, లాగితే సాగుతుంది, అంటే లాగమని మనమే నేర్పినట్టు. తినడానికి ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన చికెన్ గానీ, పనీర్ గానీ బఠాణీ గింజంత ముక్కలు చేసుకోండి. ఒక్కో పాఠానికి 40, 50 ముక్కలు అయిపోతాయి, ఆ మేరకు గిన్నెలో తిండి తగ్గించండి. ఉల్లిపాయ వేసి వండినవి, ఎండుద్రాక్ష మాత్రం పెట్టకూడదు. రెండూ కుక్కలకు విషమే.

మొదలు హాల్లో, లీష్ లేకుండా. ముక్కలు ఎడమ చేతిలో పెట్టుకుని మెల్లగా నడవండి. వాడి భుజం మీ ఎడమ కాలికి సమంగా వచ్చిన క్షణానే ‘ఎస్’ అని (సరిగ్గా చేశావని చెప్పే గుర్తు ఇది), ముక్కను మీ కాలి పక్కనే, వాడి నోటి ఎత్తులో అందించండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కుడి చేత్తో ముందుకు వంగి ఇస్తారు. తిండి ఎక్కడ దొరికితే కుక్క అక్కడే ఉంటుంది కదా! రెండు రోజుల్లో కాళ్లకు అడ్డం పడటం మొదలవుతుంది, దాన్ని మళ్లీ మాన్పించాలి. మొదట అడుగుకో ముక్క. పది అడుగులు తడబడకుండా వస్తే రెండేసి అడుగులకు, ఆ తర్వాత మూడు, ఐదు. అలాగని ప్రతిసారీ పెంచుకుంటూనే పోకండి. ఐదు, రెండు, ఏడు, మూడు, ఇలా మారుస్తుంటే ఆసక్తి చెడదు. ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. అంతకు మించి సాగదీస్తే వాడికీ విసుగే, మీకూ విసుగే.

ఇన్నాళ్లూ వాడు లాగుతుండగా మీరు ‘హీల్’ అన్నారు. వాడి లెక్కలో ఆ మాటకు అర్థం లాగడమే! దాన్ని వదిలేసి ‘పక్కన’ లాంటి కొత్త మాట పెట్టుకోండి. అదీ ఇప్పుడే వద్దు. పదింట ఎనిమిదిసార్లు తనంతట తానే పక్కకు వస్తున్నప్పుడు, అడుగు వేయబోయే ముందు ఒక్కసారి అనండి.

తర్వాత లీష్ తగిలించండి. దాని పిడి కుడి చేతిలో, మిగతాది మీ ముందు నుంచి ఎడమకు వదులుగా వేలాడాలి. హాలు, కారిడార్, బేస్‌మెంట్ పార్కింగ్, లిఫ్టు, గేటు, వీధి... ఈ వరుసలో వెళ్లండి. వీటిలో లిఫ్టు దశ మాత్రం కష్టం. తలుపు తెరుచుకోగానే దూకబోతే బయటికి అడుగు పెట్టకండి, తలుపు మళ్లీ మూసుకోనివ్వండి. రద్దీ లేని వేళ చూసుకుంటే పొరుగువాళ్లు విసుక్కోరు. వీధిలో లీష్ బిగుసుకుంటే చేతులు నడుముకు ఆనించి ఆగిపోండి. గుంజొద్దు, మాట్లాడొద్దు. వాడు వెనక్కి తిరిగి చూసి లీష్ వదులు చేస్తే పక్కకు పిలిచి ముక్క ఇచ్చి కదలండి. వరుసగా మూడుసార్లు ఆగాల్సి వచ్చిందంటే ఆ చోటు వాడికి ఇంకా కష్టంగా ఉందని అర్థం. తేలికైన చోటికి వెనక్కి వెళ్లండి. మొదటి రెండు వారాలు గేటు దాటకపోయినా కంగారు పడొద్దు.

మరి పొద్దున్నే మూత్రానికి తీసుకెళ్లాలి కదా అంటారా? అప్పుడు లీష్‌ను హార్నెస్ వెనక రింగుకు తగిలించి వాడి ఇష్టానికి తిరగనివ్వండి. ముందు రింగుకు తగిలిస్తేనే పాఠం. కొన్నాళ్లకు ఆ తేడా వాడికే తెలుస్తుంది. అరగంట నడకంతా పక్కనే నడిపించడం కుక్కకు శిక్ష లాంటిది. గేటు దగ్గర, రోడ్డు దాటేటప్పుడు, జనంలో ‘పక్కన’. మిగతా సమయంలో లీష్ బిగించనంత వరకు వాసనలు చూసుకోనివ్వండి.

ప్రశ్న: కుక్క ఎడమ పక్కనే నడవాలా? మా వీధిలో ఫుట్‌పాత్ లేదు.
– ఒక పాఠకుడు, జేపీ నగర్

జవాబు: ఎడమ పక్క అన్నది కుక్కల పోటీల పద్ధతి. వీధిలో కుక్క గోడ వైపు, మనిషి బండ్ల వైపు ఉండాలి. ఎదురొచ్చే బండ్లు కనిపించాలని రోడ్డుకు కుడి అంచున నడుస్తారు కాబట్టి, ఎడమ పక్కనున్న కుక్క సరిగ్గా ఆటోల దారిలోకి వస్తుంది. అలాంటి చోట కుడి పక్కే మేలు. కాకపోతే రెండు పక్కలా ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక పక్క గట్టిపడ్డాక రెండో పక్కను వేరే మాటతో, మళ్లీ హాల్లోనే మొదలుపెట్టి నేర్పండి.

ప్రశ్న: టెర్రస్ మీద మా ఆడకుక్క ఎంతో చక్కగా నడుస్తుంది. కానీ మూడో క్రాస్ మూలలో వీధికుక్కలు కనిపించాయంటే ఒకటే మొరుగుడు. చికెన్ నోటి దగ్గర పెట్టినా తినదు.
– బీటీఎం లేఔట్ నుంచి ఒకరు

జవాబు: తినడం లేదంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారు. ఆ స్థితిలో ఏ పాఠమూ ఎక్కదు. వెనక్కి నడుస్తూ, వాటిని చూస్తూనే ముక్క తీసుకునే దూరం ఎంతో కనిపెట్టండి. అది 30 అడుగులు కావచ్చు, 100 కావచ్చు. అక్కడ నిలబడి, వాటిని చూసిన వెంటనే ‘ఎస్’ అని ముక్క ఇవ్వండి. వాటిని చూసి తనంతట తానే మీ వైపు తిరుగుతున్నప్పుడు రెండు మూడు అడుగులు దగ్గరికి జరగండి.

వెనుదిరగడం టెర్రస్ మీదే విడిగా నేర్పాలి: ‘పద’ అని మీరు వెనక్కి తిరిగి, కాలి పక్కకు రాగానే ముక్క. వీధిలో మూల మలుపులో కుక్క ఎదురైతే అక్కరకొచ్చేది ఇదే. లీష్ బిగించడం, గట్టిగా అరవడం చేస్తే భయపడాల్సిందేదో ఉందని దానికి మీరే చెప్పినట్టవుతుంది.

వీధికుక్కలు కాపు కాసేది వాటి మూలనే. చాలావరకు ఆ హద్దు దాటి వెంటపడవు. పరిగెత్తకండి, కళ్లలోకి చూడకండి, పక్కకు తిరిగి నింపాదిగా దూరం జరగండి. ఎవరైనా వాటికి తిండి పెట్టే వేళ ఆ దారి మానుకోవడమే మంచిది. మిమ్మల్ని కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. మీ కుక్కను కరిచినా సరే, ఇంతకు ముందు టీకా వేయించినదైనా సరే, పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: నాతో బాగా నడుస్తున్నాడు, నడిపించడానికి వచ్చే అబ్బాయితో మాత్రం లాగుతాడు.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఆ అబ్బాయి కన్నడంలో ఒక మాట, మీరు తెలుగులో ఒకటి, పిల్లలు ఇంగ్లీషులో ఇంకొకటి వాడుతున్నారేమో చూడండి. అందరిదీ ఒకటే మాట కావాలి. లీష్ బిగిస్తే ఆగాలన్న నియమమూ అతనికి చేసి చూపించండి. ఒకేసారి మూడు కుక్కల్ని పట్టుకొచ్చే అబ్బాయైతే అలా ఆగడం కుదిరే పని కాదు. అప్పుడు వెనక రింగుకు తగిలించి పంపండి. ఆ అరగంట వ్యాయామమే, పాఠం కింద లెక్క కాదు.

ప్రశ్న: చికెన్ ముక్కలు ఎన్నాళ్లు జేబులో పెట్టుకు తిరగాలి?
– ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: నడక గట్టిపడ్డాక ముక్కకు బదులు దానికి కావలసిన ఇంకేదైనా ఇవ్వండి. పది అడుగులు పక్కన నడిస్తే ఆ చెట్టు వాసన చూడొచ్చు, గేటు దగ్గర కుదురుగా నిలబడితే గేటు తెరుచుకుంటుంది. దీపావళి టపాసుల రోజుల్లో, కొత్త వీధుల్లో మాత్రం జేబు ఖాళీగా బయల్దేరకండి.