స్పీకర్ పెట్టెకు ఉండే రంధ్రం బాస్‌ను ఎలా మారుస్తుంది?

పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం లాంటి రంధ్రం) ఉన్న స్పీకర్ పెట్టె నాలుగో తరగతి హై-పాస్ ఫిల్టర్‌లా పనిచేస్తుంది. అంటే ట్యూనింగ్ పౌనఃపున్యానికి (పెట్టెలోని, పోర్టులోని గాలి కలిసి బలంగా కంపించే పౌనఃపున్యానికి) పైనున్న శబ్దాలను పంపి, దానికి బాగా దిగువన ఉన్నవాటిని ఆక్టేవ్‌కు (అంటే పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ) సుమారు 24 డెసిబెల్స్ చొప్పున తగ్గిస్తుంది. మూసిన పెట్టెలో ఈ తగ్గుదల 12 డెసిబెల్సే.

పోర్టు గొట్టంలోని గాలి ఒక బరువులా, పెట్టెలోని గాలి ఒక స్ప్రింగులా ప్రవర్తించి, రెండూ కలిసి ఈ ట్యూనింగ్ పౌనఃపున్యం వద్ద బలంగా కంపిస్తాయి. అక్కడ కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలి ధ్వని పుట్టించే భాగం) దాదాపు కదలకుండా ఉంటుంది, ధ్వనిలో అధికభాగం పోర్టు నుంచే వస్తుంది. అంతకన్నా దిగువకు వెళ్లేకొద్దీ కోన్ ముందుకు కదిలినప్పుడు పోర్టులోని గాలి లోపలికి పోతుంది కాబట్టి రెండు ధ్వనులూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పైగా కోన్‌ను అదుపు చేసే గాలి ఒత్తిడి లేక అది విపరీతంగా ఊగుతుంది, స్పీకర్ దెబ్బతినే ప్రమాదం ఇక్కడే ఎక్కువ.

ఉదాహరణకు, 50 లీటర్ల పెట్టెకు 10 సెంటీమీటర్ల వ్యాసం, దాదాపు 22 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం అమర్చితే ట్యూనింగ్ 40 హెర్ట్జ్ దగ్గర కుదురుతుంది.

రంధ్రం ఎంత పెద్దదైతే బాస్ అంత లోతుగా వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ పొడవు మార్చకుండా వ్యాసం పెంచితే ట్యూనింగ్ పైకి జరిగి లోతైన బాస్ తగ్గిపోతుంది. వెడల్పైన పోర్టు వల్ల గాలి వేగం తగ్గి బుస శబ్దం తగ్గే మాట నిజమే అయినా, అదే ట్యూనింగ్ నిలవాలంటే గొట్టం పొడవును కూడా పెంచాలి.