పాఠకుల ప్రశ్నలు: ఐక్యరాజ్యసమితిలో మన పసుపు దీపం

ప్రశ్న: ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర నుంచి ఐక్యరాజ్యసమితిలో తీర్మానం వచ్చినప్పుడల్లా ‘భారత్ ఓటింగుకు దూరం’ అనే వార్త చదువుతున్నాను. ఉదయం నడకలో కలిసే మిత్రులు దీన్ని స్వతంత్ర విదేశాంగ విధానం అంటారు. నాకు మాత్రం గోడమీద పిల్లి వాటంలాగే కనిపిస్తోంది. ఎటూ ఓటు వేయకపోవడానికి నిజంగా ఏమైనా విలువ ఉందా?
– ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి, తెనాలి

జవాబు: ముందుగా ఆ ఓటు ఎలా వేస్తారో చెప్పుకుంటే మీ సందేహం సగం తీరుతుంది. అన్ని సభ్యదేశాలూ ఉండే సర్వప్రతినిధి సభలో ప్రతి దేశ ప్రతినిధి ముందూ మూడు మీటలు ఉంటాయి. ఆకుపచ్చ మీట నొక్కితే తీర్మానానికి అనుకూలం, ఎర్రది నొక్కితే వ్యతిరేకం, పసుపుపచ్చది నొక్కితే రెండూ కాదు. వెంటనే పైనున్న పెద్ద బోర్డు మీద ఆ దేశం పేరు పక్కన ఆ రంగు దీపం వెలుగుతుంది. కాబట్టి పసుపు మీట నొక్కిన దేశం హాల్లోనే కూర్చుని, అందరూ చూస్తుండగా, తాను ఎటూ తేల్చడం లేదని రికార్డులో రాయించుకుంటోందన్న మాట. అసలు హాలుకే రాని దేశాల సంగతి వేరు. ఓటుతో పాటు ప్రతినిధులు తమ నిర్ణయానికి కారణం చెబుతూ చిన్న ప్రకటన చదువుతారు. మన పత్రికల్లో ఓటు సంగతి పెద్ద అక్షరాల్లో వస్తుంది గాని ఆ ప్రకటన చాలాసార్లు రాదు. అసలు సరుకు ఉండేది అందులోనే.

2022 ఫిబ్రవరి 25న భద్రతా మండలిలో రష్యా దాడిని ఖండించే ముసాయిదాకు 11 దేశాలు మద్దతిచ్చాయి, రష్యా వీటో చేసింది (అంటే శాశ్వత సభ్యదేశంగా తన ఒక్క ఓటుతోనే దాన్ని ఆపేసింది), మనమూ చైనా, యుఏఈ ఓటింగుకు దూరంగా ఉన్నాం. ఆ రోజు మన శాశ్వత ప్రతినిధి టి.ఎస్. తిరుమూర్తి చదివిన ప్రకటనలో రష్యాను పేరు పెట్టి తప్పుపట్టలేదు. అయితే దౌత్య మార్గాన్ని విడిచిపెట్టడం విచారకరమని, దేశాల సార్వభౌమత్వాన్ని, ప్రాదేశిక సమగ్రతను అందరూ గౌరవించాలని అందులో ఉంది. ఎవరి సైన్యం ఎవరి సరిహద్దు దాటిందో తెలిసిన వారికి ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత మార్చి 2న ఇదే విషయం సర్వప్రతినిధి సభకు వచ్చినప్పుడు 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటు వేయగా, దూరంగా ఉన్న 35 దేశాల్లో మనతో పాటు పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, దక్షిణాఫ్రికా కూడా ఉన్నాయి.

ఇది ఈ ప్రభుత్వంతో మొదలైన అలవాటు కాదు. 1968లో సోవియట్ సేనలు చెకొస్లొవాకియాలోకి వెళ్లినప్పుడు, 1980లో అవే సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లిన విషయం సభకు వచ్చినప్పుడు కూడా మనం ఎటూ చెప్పలేదు. దానికి కారణం వెతకడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. కశ్మీర్ విషయంలో 1957లో, 1962లో మనకు నచ్చని తీర్మానాలను ఆపి అండగా నిలబడింది సోవియట్ వీటోయే. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా సర్వప్రతినిధి సభలో 104 దేశాలు కాల్పుల విరమణ కోరితే, వ్యతిరేకించిన 11 దేశాల్లో మనం ఉన్నాం. భద్రతా మండలిలో మాత్రం సోవియట్ యూనియన్ మూడుసార్లు వీటో వాడి మన సైన్యానికి ఢాకా చేరేదాకా వ్యవధి ఇచ్చింది. అంతటి సాయం చేసిన వాణ్ణి నలుగురిలో నిలదీయడానికి ఏ ప్రభుత్వానికైనా నోరు రాదు. మన సైన్యం వాడుతున్న ఆయుధాల్లో పెద్ద వాటా అక్కడిదేనన్నది మరో కారణం. విడిభాగాలు ఆగిపోతే విమానం హ్యాంగరులోనే ఉండిపోతుంది.

2022లో వీటికి తోడు మరో అత్యవసర లెక్క కూడా ఉంది. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు వేల సంఖ్యలో బంకర్లలో చిక్కుకున్నారు, వారిలో తెలుగు పిల్లలూ తక్కువేం కాదు. సుమీ నగరంలో చిక్కుకున్న సుమారు 700 మందిని మార్చి 8న బయటకు తేవాలంటే రష్యా, ఉక్రెయిన్ రెండూ కాల్పులు ఆపాలి. ప్రధాని అంతకు ముందురోజు పుతిన్‌తోనూ జెలెన్‌స్కీతోనూ విడివిడిగా ఫోన్లో మాట్లాడారు. రెండు చోట్లా ఫోన్ ఎత్తే పరిస్థితి ఉండటం ఆ రోజు పనికొచ్చింది. అయితే అంతకు వారం క్రితమే ఖార్కివ్‌లో కర్ణాటకకు చెందిన మన విద్యార్థి ఒకరు దాడిలో చనిపోయారన్నదీ మరిచిపోకూడదు. మన తటస్థత ఆ అబ్బాయిని కాపాడలేకపోయింది.

కాబట్టి మీ మిత్రులు అన్నంత గొప్ప సూత్రమూ ఇందులో లేదు, మీరన్నంత పిరికితనమూ లేదు, ఇది లెక్క. కొన్నిసార్లు ఆ లెక్క అసహ్యంగా కూడా ఉంటుంది. 1956లో సోవియట్ సేనలు తిరుగుబాటును అణిచివేసిన హంగరీలో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు జరపాలన్న తీర్మానానికి మనం దూరంగా ఉండటంతో సరిపెట్టుకోకుండా ఏకంగా వ్యతిరేకంగా ఓటు వేశాం. వలస పాలన నుంచి విముక్తి పొంది పదేళ్లయినా కాని దేశం అలా చేయడాన్ని నేను ఇప్పటికీ సమర్థించలేను. మీలా ఆలోచించినవారు అప్పట్లో మంత్రివర్గంలోనే ఉండేవారు. చెకొస్లొవాకియా విషయంలో ప్రభుత్వ వైఖరి నచ్చక కేంద్ర మంత్రి అశోక మెహతా 1968లో పదవికి రాజీనామా చేశారు.

ప్రశ్న: మేము నాలుగు ఎకరాల్లో వనామీ రొయ్యలు పెంచుతున్నాం. రష్యా చమురు కొన్నామని అమెరికా సుంకం వేస్తే మా కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ఇచ్చే ధర) పడిపోయింది. ఢిల్లీ వాళ్ల రాజకీయాలకు మా చెరువులు ఎందుకు మూల్యం చెల్లించాలి?
– ఒక రైతు, భీమవరం దగ్గర

జవాబు: మీ ఆవేదనలో న్యాయం ఉంది. 2025 ఆగస్టులో అమెరికా మొదట 25 శాతం, ఆపై రష్యా చమురు పేరు చెప్పి మరో 25 శాతం సుంకం వేసింది. రొయ్యలపై అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వేలింగ్ (ప్రభుత్వ రాయితీలు పొందుతున్నారని వేసేది) సుంకాలు వీటికి అదనం. అప్పుడు మనకు పోటీదారైన ఈక్వడార్‌పై ఉన్నది 15 శాతమే. ఎగుమతిదారు నష్టాన్ని తాను భరించడు, ప్రాసెసింగ్ ప్లాంటు మీదికి నెడతాడు, ప్లాంటు వాళ్లు కొనుగోలు ధర తగ్గిస్తారు, చివరికి అది చెరువు గట్టు మీద ఏరేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) కరెంటు బిల్లు కట్టే మీ దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఇక ఆ చమురు వల్ల లాభం ఎవరికి? యుద్ధానికి ముందు మన ముడి చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. రెండేళ్లలో అది మూడో వంతు దాటింది, అదీ తగ్గింపు ధరకు. కాని 2022 మే నుంచి 2024 మార్చి దాకా మన బంకుల్లో పెట్రోలు ధర దాదాపు కదల్లేదు, కదిలినప్పుడు తగ్గింది రెండు రూపాయలు. ముడి చమురు ధర మండిపోయిన నెలల్లో కంపెనీలు నష్టాన్ని భరించాయన్నది నిజమే, ఆ తర్వాత లాభపడ్డాయన్నదీ నిజమే. నా అభిప్రాయంలో, దేశం మొత్తం కోసం తీసుకున్న నిర్ణయానికి ఒక పంట రైతులే ఖర్చు భరించకూడదు. చమురులో మిగిలిన దానిలోంచి కొంత మీ నష్టానికి పరిహారంగా ఇమ్మని అడగడం బిచ్చమడగడం కాదు.

అమెరికా నీతి సంగతి కూడా ఒక మాట. రష్యా చమురు మనకంటే ఎక్కువగా కొంటున్న చైనాపై ఆ పేరుతో అలాంటి సుంకం వేయలేదు. 2025 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌ను సమర్థించే తీర్మానం సర్వప్రతినిధి సభకు వచ్చినప్పుడైతే అమెరికా ఏకంగా రష్యాతో కలిసి ఎర్ర మీట నొక్కింది. మనం ఎప్పటిలాగే పసుపు మీదే ఉన్నాం.

ప్రశ్న: గాజాలో కాల్పుల విరమణ కోరుతూ 2023 డిసెంబరులో వచ్చిన తీర్మానానికి మనం అనుకూలంగా ఓటు వేశాం. 2025 జూన్‌లో అదే కోరిన తీర్మానానికి దూరంగా ఉన్నాం. ఇందులో సూత్రం ఏమిటి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వరంగల్లు

జవాబు: నాకూ కనిపించలేదమ్మా. 2023 అక్టోబరులో మొదటి తీర్మానానికి దూరంగా ఉన్నప్పుడు, అందులో ఇజ్రాయెల్‌పై హమాస్ దాడిని పేరు పెట్టి ఖండించలేదన్నది మన అభ్యంతరం; ఏకీభవించకపోయినా అర్థమయ్యే కారణం అది. 2025 జూన్ 12న 149 దేశాలు అనుకూలంగా ఓటు వేస్తే, దూరంగా ఉన్న 19 దేశాల్లో మనం ఒకరం. చర్చలతోనే పరిష్కారం రావాలని మన ప్రకటన చెప్పింది. చర్చలే మార్గమైతే ముందు బాంబులు ఆగాలి కదా? ఉక్రెయిన్ విషయంలో చెప్పిన లెక్క ఏదీ ఇక్కడ సరిపోదు: రెండు వైపులా మాట్లాడే దారి డిసెంబరు ఓటు తర్వాత కూడా మూసుకుపోలేదు.

ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వవలసింది విదేశాంగ మంత్రిత్వ శాఖ. పార్లమెంటు సభ్యులు ఆ శాఖకు రాతపూర్వక ప్రశ్నలు వేయవచ్చు, జవాబులు లోక్‌సభ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటాయి. మీరు నాకు రాసిన ఈ మూడు వాక్యాలనే మీ నియోజకవర్గ సభ్యులకు పంపండి. జవాబు వస్తే మాకు తెలియజేయండి, ఇదే శీర్షికలో అచ్చు వేస్తాం.