ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు: హైదరాబాద్ ఫ్లాట్‌లో రోజు, వారం, ఏడాది ఎలా వేసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాపకు 8, బాబుకు 5. కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మీ ఇద్దరిలో ఒకరు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తారు. జూన్ నుంచి పిల్లల్ని ఇంట్లోనే చదివించాలనుకుంటున్నారు. ఏ సిలబస్ కొనాలి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి, ముందు ముందు పదో తరగతి ఎలా?

సిలబస్ సంగతి తర్వాత చెప్తాను, ముందు మీ ఇంటి గంటలు తేలాలి. పుస్తకాలు ముందు పెట్టుకుని వేసిన ప్లాన్ సాధారణంగా ఆగస్టు దాటదు. ఇంటి పనుల చుట్టూ అల్లుకున్న ప్లాన్ నిలుస్తుంది.

ఒక వారం ఏమీ మార్చకుండా కాగితం మీద రాయండి. నల్లా ఏ రోజు ఏ టైముకు వస్తోంది, పనమ్మాయి ఎప్పుడొస్తుంది, వంట ఎంతసేపు, ఆఫీసు కాల్స్ ఎప్పుడు, చిన్నోడికి ఎప్పుడు ఆకలేసి పేచీ మొదలవుతుంది. వారం చివర చూస్తే, పెద్దవాళ్లలో ఒకరు ఫోను, స్టవ్వు రెండూ వదిలేసి కూర్చోగలిగే గంటన్నర ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. చాలా ఇళ్లలో అది టిఫిన్ అయ్యాక తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు. లెక్కలు, తెలుగు ఆ గంటన్నరలోనే పెట్టండి. మిగతావన్నీ ఎక్కడైనా సర్దుకుంటాయి, ఆ రెండూ సర్దుకోవు. సాయంత్రానికి నెట్టిన లెక్కలు ఏడుపుతోనే ముగుస్తాయి, ఎందుకంటే ఐదయ్యేసరికి కింద సెల్లార్‌లో మిగతా పిల్లల ఆట మొదలవుతుంది.

ఎనిమిదేళ్ల పాపకు కూర్చుని చేసే పని రోజుకు రెండు గంటలు, మహా అయితే రెండున్నర. ఐదేళ్ల బాబుకు అంతా కలిపి అరగంట, అదీ పది నిమిషాల ముక్కలుగా. ఇంత తక్కువా అనిపిస్తుంది. స్కూల్లో హాజరు, నోట్సు దించుకోవడం, నలభై మంది కోసం ఆగడం అన్నీ పోతే ఒక పిల్లకు మిగిలేది దాదాపు ఇంతే. స్కూల్ టైమ్‌టేబుల్‌ని ఏడు పీరియడ్లతో ఇంట్లో దించడం అన్నిటికంటే మామూలుగా జరిగే పొరపాటు. మూడో వారానికి అమ్మకు విసుగు, పిల్లకు మొండితనం వస్తాయి, తప్పు ఇంటి చదువు మీద పడుతుంది.

ఇద్దరికీ ఒకేసారి కొత్త పాఠం చెప్పకండి. పాప కొత్త లెక్క నేర్చుకునే పావుగంట బాబు చేతిలో పెద్దవాళ్లు అవసరం లేని పని ఉండాలి: పెసలూ శనగలూ కలిపిన గిన్నె ఇచ్చి వేరు చేయమనడం, చపాతీ పిండి ముద్ద, పాత చెక్క బిళ్లలు. పాప అభ్యాసం చేసుకునే పావుగంటలో బాబును పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు చెప్పండి. ఎప్పుడూ చిన్నోడితోనే మొదలుపెట్టండి. ముందుగా పది నిమిషాలు వాడివి అయితే తర్వాత ఇరవై నిమిషాలు వదులుతాడు. మీటింగ్ నడుస్తున్న గది తలుపుకు ఎర్ర రిబ్బన్ కడితే ఐదేళ్ల పిల్లాడికి కూడా అర్థమవుతుంది. "ష్, సైలెంట్" అని పదిసార్లు చెప్పడం కన్నా అదే మేలు.

లెక్కలకు రోజుకు ముప్పై ఐదు నిమిషాలు చాలు. ఐదు నిమిషాలు నోటి లెక్కలు, పదిహేను కొత్త విషయం, పదిహేను అభ్యాసం. పది లెక్కలకు మించి ఇవ్వకండి. అందులో నాలుగు తప్పితే కొత్త పాఠం ఆపి వెనక్కి వెళ్లాలి. మూడో తరగతిలో ఎక్కువమంది ఆగిపోయేది మధ్యలో సున్నా ఉన్న తీసివేతల దగ్గర. 502 లోంచి 178 తీయమంటే రెండులోంచి ఎనిమిది పోదు, పక్కన సున్నా, అప్పు ఎక్కడిదో తెలియక ఏదో ఒకటి రాసేస్తారు. కాగితం పక్కన పెట్టి అట్టముక్కలతో వంద, పది, ఒక రూపాయి నోట్లు చేయండి. ఐదు వందల్లో ఒక వంద నోటు విడిపిస్తే పది పదులు వస్తాయి. అందులో ఒక పదిని విడిపిస్తే పది ఒకట్లు. ఇప్పుడు చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. తీసేస్తే 324 మిగులుతుంది. నాలుగైదు రోజులు చేత్తో నోట్లు మార్చాకే కాగితం మీదికి రండి. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అన్న పాట నేర్పితే మామూలు తీసివేతలు వచ్చేస్తాయి, సున్నా దగ్గర మళ్లీ అదే తప్పు.

భిన్నాలకు వంటిల్లు చాలు. దోసె పిండికి ఒక గ్లాసు మినపప్పు, మూడు గ్లాసుల బియ్యం. ఈ రోజు సగం పిండి చాలంటే ఎన్నెన్ని పోయాలో పాపనే కొలవమనండి. కాస్త పెద్దయ్యాక కరెంటు బిల్లు ఇవ్వండి. మన దగ్గర ఇంటి వాడకం 200 యూనిట్లు దాటితే పైన వాడినవాటికే కాదు, మొదటి యూనిట్ల రేటు కూడా మారుతుంది. 200 యూనిట్ల బిల్లు, 201 యూనిట్ల బిల్లు రెండూ కట్టి చూడమంటే శాతాలూ దశాంశాలూ గుణకారమూ ఒక్క కాగితం మీద వస్తాయి.

ఇక తెలుగు. హైదరాబాద్ పిల్లల్లో చాలామంది గలగలా మాట్లాడతారు, చదవమంటే తడబడతారు. బాబుకు అ నుంచి ఱ వరకు వరుసగా యాభైకి పైగా అక్షరాలు దిద్దిస్తే, చదవడం మొదలయ్యేలోపే ఆసక్తి పోతుంది. ఏడు అక్షరాలతో మొదలుపెట్టండి: ప, వ, ల, త, క, గ, డ. ఈ ఏడింటితోనే తల, వల, కల, వడ, పలక, పడవ, గడప, తడక చదివేయొచ్చు. రెండో వారానికే "నేను చదివాను" అన్న ధీమా వస్తుంది. తర్వాత వారానికి రెండు మూడు అక్షరాలు కలపండి. చూడ్డానికి దగ్గరగా ఉండే డ, ద, ధ, థలను ఒకే వారంలో పెట్టకండి. ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి.

గుణింతం మొత్తం ఒక్కసారి వల్లె వేయించకుండా ఒక్కో గుర్తు తీసుకోండి. ముందు దీర్ఘం: తాత, పాప. తర్వాత గుడి, గుడిదీర్ఘం, కొమ్ము. ఒక్కో గుర్తుకు వారం పది రోజులు. వల్లె వేసిన పిల్లాడు "కి" చదవడానికి క, కా, కి అని మొదటి నుంచి లెక్కపెట్టుకుంటాడు, వేగం ఎప్పటికీ రాదు. వత్తులకు వచ్చేసరికి ముందు ద్విత్వాలు: అమ్మ, అన్న, అత్త, అయ్య. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక కనపడదు కాబట్టి వాటిని కార్డుల మీద రాసి విడిగా చూపించాలి. సంయుక్తాక్షరాలు ఆ తర్వాత. పాపకు రోజూ ఐదు మాటల డిక్టేషన్, ఒక పేజీ పైకి చదవడం, అంతే. రోడ్డు మీద కనపడే షాపు బోర్డులు, బస్సు బోర్డులు చదివించండి, ఆ అభ్యాసానికి టైమ్‌టేబుల్ అక్కర్లేదు.

సైన్సు, సోషల్ ఈ వయసులో రోజూ అక్కర్లేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు, ఒక్కో అంశం మూడు నాలుగు వారాలు. మన ఊరి అంశమైతే పుస్తకం కంటే బాగా పట్టుకుంటుంది. వానాకాలంలో మూసీ తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఊరిని ముంచేసింది. మళ్లీ అలా జరగకూడదనే మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మొదటి వారం ఊరి పటం గీసి నది ఎటు నుంచి ఎటు పోతుందో రంగు వేయించండి. రెండో వారం ఇసుక ట్రేలో కాలువ చేసి, మధ్యలో మట్టికట్ట కట్టి నీళ్లు పోయండి. మొదట కట్ట తెగాలి, అప్పుడే తూము ఎందుకు కావాలో వాళ్లే చెప్తారు. ఆగస్టు, సెప్టెంబరులో పేపర్లో రెండు జలాశయాల మట్టాలు వేస్తారు. సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.50. రోజూ మట్టం చూసి పాప గ్రాఫ్ గీస్తే, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే ఊహించగలదు. చివర్లో గండిపేటకు, అంటే ఉస్మాన్ సాగర్‌కే, తీసుకెళ్లండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కథ కూడా చెప్పండి, ఆ వరదలో ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

వారానికి నాలుగు రోజులే చదువు పెట్టి, ఐదో రోజు బయటికి ఉంచండి. మామూలు రోజుల్లో వెళ్లగలగడం ఇంటి చదువుకున్న పెద్ద లాభం, జనం ఉండరు. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం, జూ సోమవారం మూసి ఉంటాయి. మ్యూజియంలో ఒక్కసారికి రెండు గదులు చాలు, పిల్లల చేతిలో పెన్సిలు, అట్ట ఉండాలి. అన్నీ చూపించాలని పరుగెత్తిస్తే ఏదీ గుర్తుండదు.

ఏడాది లెక్క ఇలా. జూన్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు దాదాపు 44 వారాలు. బతుకమ్మ, దసరాకు రెండు, సంక్రాంతికి ఒకటి, జ్వరాలు, పెళ్లిళ్లు, చుట్టాల కోసం ఐదు తీసేయండి. మిగిలేది 36. లెక్కల పుస్తకంలో 14 అధ్యాయాలుంటే ఒక్కోదానికి రెండు వారాల చొప్పున 28 పోతాయి. మిగతా ఎనిమిదీ పునశ్చరణకు, భాగాహారం, భిన్నాల్లాంటి బరువైన చోట్లకు. ఖాళీ వారాలను ముందే క్యాలెండర్‌లో గీయండి. గీయకపోతే జ్వరమొచ్చిన వారం "వెనకబడ్డాం" అన్న కంగారుగా మారుతుంది. ఎండాకాలం పొద్దున పదిలోపు చదువూ, ఆటా ముగిసిపోవాలి.

ఇప్పుడు సిలబస్. మొదటి ఏడాది ముప్పై నలభై వేలు పోసి ప్యాకేజీ కొనకండి. పిల్ల స్థాయి తెలియకుండా కొన్నది సగం తేలిక, సగం కష్టం అవుతుంది, డబ్బు పెట్టాం కదా అని వదల్లేరు. కేంద్ర సిలబస్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, తెలంగాణ రాష్ట్ర సిలబస్ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎస్‌సీఈఆర్‌టీవి ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌గా ఉండటం మనకు చాలా ఉపయోగం, సైన్సు మాటలు రెండు భాషల్లోనూ వచ్చేస్తాయి. పాపకు ఇప్పుడున్న తరగతి కంటే ఒకటి తక్కువ పుస్తకం చివరి అభ్యాసాలతో పరీక్షించి, ఎక్కడ తడబడితే అక్కడి నుంచి మొదలుపెట్టండి. లెక్కల్లో మూడో తరగతి, తెలుగులో ఒకటో తరగతి పుస్తకం అయినా పర్వాలేదు. కథల పుస్తకాలకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, కోఠి పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి.

చట్టం, పదో తరగతి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువు గురించి చెప్తుంది, ఇంటి చదువుకు అందులో విడిగా నియమాలు లేవు. పదికి రెండు దారులు బాగా వాడుకలో ఉన్నాయి: కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్, మన రాష్ట్రపు ఓపెన్ స్కూల్. రెండింటికీ పద్నాలుగేళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో పదికి కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక్క భాషైనా ఉండాలి, తెలుగు తీసుకోవచ్చు. పరీక్షలు ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మేలో, అక్టోబరు-నవంబరులో. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. అన్నీ ఒకేసారి రాయాల్సిన పని లేదు, రెండు సబ్జెక్టులు ఒకసారి, మిగతావి ఆర్నెల్ల తర్వాత రాసుకోవచ్చు. అసైన్‌మెంట్లకు కూడా మార్కులున్నాయి, గడువులోపు పంపకపోతే అవి పోతాయి. పాపకు పన్నెండు నిండేవరకు దీని గురించి దిగులు అక్కర్లేదు.

ఇప్పుడే చేయాల్సింది కాగితాల పని. పాప స్కూల్ నుంచి మేలోపు టీసీ తీసుకోండి. స్కూల్ రికార్డులో ఉన్న శాశ్వత విద్యా నంబరు, అదే పెన్, అడిగి రాసుకోండి. తర్వాత ఏ స్కూల్లో చేర్చాలన్నా అదే ముందు అడుగుతారు. ఒక ఫైలు పెట్టి నెలకు ఒక్కో సబ్జెక్టు నుంచి రెండు కాగితాలు తేదీ వేసి దాచండి, ఒకటి నెల మొదట్లోది, ఒకటి చివర్లోది. చదివిన పుస్తకాల జాబితా, వెళ్లిన చోట్లు వెనక అట్ట మీద. జనన ధ్రువపత్రం, ఆధార్, టీసీ మూడింటిలోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో చూడండి. తేడా ఉంటే ఈ వేసవిలోనే మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో దిద్దించండి. ఓపెన్ స్కూల్ అప్లికేషన్ గడువు దగ్గర పెట్టుకుని ఇవి దిద్దించాలంటే ఆ విడత పరీక్ష చేజారుతుంది.