కొత్తగా హెడ్మాస్టరైన మా శిష్యురాలికి

చి.సౌ. సుజాతకు ఆశీస్సులు.

మీ సర్కారు బడిలో పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు, పిల్లల్ని చేర్పించమని జూన్‌లో తీసే ర్యాలీ బాగా ఎలా చేయాలో చెప్పమని అడిగావు. ర్యాలీ వద్దనను, చేసుకో. కానీ జూన్ 12న బడి తెరిచేసరికి మన గుంటూరు చుట్టుపక్కల బేరాలన్నీ అయిపోయి ఉంటాయమ్మా. ప్రైవేటు బడుల వాళ్లు సంక్రాంతి దాటగానే గడపగడపా ఎక్కుతారు, ఉగాదికల్లా అడ్వాన్సు కట్టించుకుంటారు. నువ్వు ఫిబ్రవరిలోనే కదలాలి. ముందు మీ దగ్గరి ప్రాథమిక పాఠశాలల్లో ఐదో తరగతి పిల్లల పేర్లు, వాళ్ల అమ్మల ఫోన్ నంబర్లు రాసుకో. మన చేతిలోంచి ఎక్కువగా జారిపోయేది ఐదుకీ ఆరుకీ మధ్యే.

ఆ తల్లుల దగ్గర తల్లికి వందనం గురించి, అదే పిల్లల్ని చదివించే తల్లులకు సర్కారు ఇచ్చే డబ్బు గురించి, ఊదరగొట్టకు. ఆ డబ్బు ప్రైవేటులో చదివించినా వస్తుందని వాళ్లకి తెలుసు. వాళ్లు తేల్చుకోవాలనుకునేది ఒక్కటే: మావాడికి ఇంగ్లీషు చదవడం వస్తుందా, రాదా? దానికి ఉపన్యాసం పనికిరాదు. మీ ఆరో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, ఆ తల్లి తెరిచిన పేజీ ఆవిడ ముందే చదివించు. పది మందిలో ముగ్గురే చదవగలిగితే నీ అసలు పని అక్కడుంది. రోజూ మొదటి పీరియడ్ చదివించడానికే కేటాయించు. సిలబస్ వెనకబడుతుందని సార్లు గొణుగుతారు, గొణగనీ.

ఇక మిరప కోతలు. జనవరి నుంచి మార్చి దాకా హాజరు పట్టీ చూస్తే నీకే తెలుస్తుంది. మన పిల్లలు అమ్మానాన్నలతో చేలోకి పోతారు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలేమో గుడారాల దగ్గర చంటివాళ్లను ఎత్తుకుని కూర్చుంటారు. ముఠా మేస్త్రితో ఒకసారి మాట్లాడు. ఆయన సరేనంటే ఆ పిల్లలు బడికి వస్తారు, మధ్యాహ్నం కడుపునిండా తింటారు. కాగితాలు లేవని ఎవరినీ వెనక్కి పంపొద్దు. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు వాళ్లు టీసీ ఆపినా సరే, ఎనిమిది దాకా టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. గుమాస్తా ఒప్పుకోకపోతే 5వ సెక్షన్ తీసి చూపించు.

టెన్త్‌లో వంద శాతం రావాలని పైనుంచి టెన్షన్ పెడతారు. దానికోసం తొమ్మిదిలో బలహీనమైన వాళ్లకు టీసీ ఇచ్చి సాగనంపే హెడ్మాస్టర్లున్నారు. ఆ పని నాకు అసహ్యం. ఇరవై మందిలో ఇద్దరు తప్పితే తప్పనీ, సప్లిమెంటరీకి కూర్చోబెట్టు.

ప్రైవేటు బడి ఇవ్వలేనిది మన దగ్గర ఒకటుంది, దాన్ని సరిగా వాడుకునేవాళ్లే లేరు. ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష సర్కారు, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000! ఆ వీధిలో ఒక్క పిల్లకి వస్తే చాలు, నీ తరఫున ఊరే ప్రచారం చేస్తుంది. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఆ ఆదాయ సర్టిఫికెట్లు బడి తెరిచిన నెలలోనే సచివాలయంలో పెట్టించు. ఆఖరి వారం దాకా ఆగితే సర్వర్ పనిచేయదు.

మీ మాస్టారు